మీరేమీ చేయక్కర్లేదు

ఇక్కడ, ఈ పరాయి దేశంలో, తెలుగువాళ్ళ ఇళ్ళలో భోజనాలకు పిలిచినప్పుడు, కొత్తగా ఇంజనీరింగ్ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ప్లేటు పట్టుకుని నా పక్కకు చేరతారు. "ఆంటీ, మీ కెరీర్‌లో బెస్ట్ ప్రాజెక్ట్ ఏది?" అని అడుగుతారు. వాళ్ళకు కావలసింది పొడుగాటి వంతెనో, సముద్రంలో లేపిన ప్లాట్‌ఫారమో. అలాంటివి నేనూ కొన్ని చేశాను. అవి నిలబడి ఉన్నాయి, వాటి పని అవి చేస్తున్నాయి, చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉండేది ఒక చిన్న ఇల్లు. ఒక గది, ఒక వంటమూల, ముందు వరండా. బూన్ లే దగ్గర ఒక ఇనప యార్డులో దాన్ని నిలబెట్టాం. అందులో ఒక్క పూటైనా ఎవరూ కాపురం చేయలేదు.

నేను సైన్స్ పార్కులో ఒక కన్సల్టెన్సీలో స్ట్రక్చరల్ ఇంజనీరుగా చాలా కాలం పనిచేశాను. రిటైరయ్యే ముందు నా చేతికి వచ్చిన ఆఖరి పెద్ద పని ఇదే. కొలంబియా దేశంలో పసిఫిక్ తీరాన ఒక నది ఒడ్డు ఊరు. ఊళ్ళో అందరూ నల్లవాళ్ళు. బంగారు గనుల్లో దింపడానికి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ళ మునిమనవలు. అక్కడి భూమి ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరికీ ఉమ్మడి. ఆ నది ఏటా ఇంత ఒడ్డు కోసుకుపోతోంది. ఇళ్ళు వెనక ఉన్న మెట్ట మీదికి జరగాలి, లేదా నదిలో కలవాలి. ఒక అంతర్జాతీయ నిధి సంస్థ డబ్బిస్తానంది, డిజైన్ మాకు వచ్చింది.

కాగితాల మీద ఆ పథకం పేరు చాలా గొప్పగా ఉండేది. సముదాయమే ముందుండి నడిపించే గృహ నిర్మాణం అని. ముందుండి నడిపించడమంటే ఏమిటని మా మీటింగులో అడిగితే, గోడలకు నీలం రంగు కావాలా, ఆకుపచ్చ కావాలా అని వాళ్ళనే అడిగామని చెప్పారు. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. నేనూ నవ్వి ఊరుకున్నాను, ఎందుకంటే నా పని స్తంభాలూ దూలాలూ అనుకునేదాన్ని.

మా ప్రాజెక్టు మేనేజరు విజయవాడ అబ్బాయి. నాకంటే చాలా చిన్నవాడు. చెడ్డవాడు కాదని ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీకు ఈ కథ మరీ తేలికైపోతుంది. అతనికి నిజంగానే ఆ ఊరిమీద జాలి. ఆ జాలితోనే ఇల్లంతా ఫ్యాక్టరీలో తయారై, పెట్టెల్లో ఓడెక్కి, కాంట్రాక్టరు మనుషుల చేతుల మీదుగా రెండు రోజుల్లో లేచి నిలబడేలా పథకం వేశాడు. ఊరివాళ్ళు సుత్తి కూడా పట్టనక్కర్లేదు. తన స్లైడ్లలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉండే మాట అదే, మీరేమీ చేయక్కర్లేదు. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం వెలిగిపోయేది. దానికి తోకలా ఇంకో షరతు ఉంది. ఇంట్లో ఉండేవాళ్ళు ఒక్క బోల్టు విప్పినా, ఒక్క పలక మార్చినా గ్యారంటీ పోతుంది. నది మళ్ళీ దారి మార్చుకుంటే ఇల్లు విప్పి జరుపుకోవడం ఎలా అని నేనడిగాను. "మెట్ట మీదికి నది ఎందుకొస్తుంది మేడమ్?" అన్నాడు. నా లెక్కల్లో కూడా రాదనే వచ్చింది.

నమూనా ఇంటిని బూన్ లే యార్డులో లేపినవాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనుషులు. వాళ్ళకొక మేస్త్రి, తక్కువ మాటల మనిషి. అతని జతగాడు ఒకడుండేవాడు, క్రేను కింద బరువులకు తాళ్ళు కట్టే పని. ఇద్దరిదీ ఒకే ఊరు, డార్మిటరీలో పక్క పక్క మంచాలు. ఈ తాళ్ళ మనిషి నోరు ఊరుకునేది కాదు. మొదటిసారి నేను ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడే, "ఏటి మేడమ్, పొయ్యి తలుపెనకాల ఎట్టీసినారు? మా ఆడది సూసిందంటే నన్నే లోపలికి రానీదు" అన్నాడు. అందరూ నవ్వారు. పొయ్యి మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

నిధి సంస్థ వాళ్ళు ఒక మంచి షరతు పెట్టారు. ఊరి పంచాయతీ తరఫున ఎవరైనా వచ్చి ఇల్లు కళ్ళారా చూసి ఒప్పుకుంటేనే ఓడ కదులుతుంది. అలా వచ్చింది ఒక ముసలావిడ. డెబ్బై దాటి ఉంటుంది. తలకు తెల్లటి గుడ్డ బిగించి కట్టుకుని, నిటారుగా నడిచేది. ఊరికి మంత్రసాని ఆమే, చావుల్లో పాటలు ఎత్తుకునేదీ ఆమే, పంచాయతీ పెద్దా ఆమే. మగవాళ్ళలో చాలామంది గనులకూ పట్నాలకూ పోయారు. ఆమె మాట మాకు చెప్పడానికి ఇక్కడ చదువుకుంటున్న ఒక స్పానిష్ అమ్మాయిని పెట్టుకున్నాం.

ఆవిడ మెట్లెక్కి ఇంట్లోకి వచ్చింది. గోడలు తట్టలేదు, కిటికీలు తెరవలేదు. నేరుగా గది మధ్యకు వెళ్ళి, నేలమీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుంది. మా మేనేజరు కంగారుపడి, ప్రయాణపు బడలిక అనుకుని మంచినీళ్ళు తెప్పించాడు. ఆవిడ అలాగే పడుకుని అటూ ఇటూ తల తిప్పి, "నా చుట్టూ ఎంతమంది కూర్చోగలరు?" అని అడిగింది. ఎనిమిది మంది, ఇరుక్కుంటే పది మంది అని చెప్పాను. ఆవిడ లేచి కూర్చుంది.

తర్వాత ఆ అమ్మాయి ద్వారా విడమరిచి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే ఇంటి పెద్ద గదిలోనే పడుకోబెడతారు. ఊరు ఊరంతా వచ్చి చుట్టూ కూర్చుని పాడుతుంది. ఆ తర్వాత కూడా తొమ్మిది రాత్రులు కూడతారు. ఆఖరి రాత్రి దీపాలార్పి, జనం రెండు పాయలుగా చీలి, ఆత్మ బయటికి పోవడానికి గుమ్మం దాకా దారి వదులుతారు. అందుకే ఏ ఇల్లు చూసినా ముందు ఇందులో చావు పడుతుందా అని చూస్తారు, కాపురం ఎలాగూ ఏ మూలనైనా సర్దుకుంటుందని. మా డిజైన్లో వంటకూ పడకకూ స్నానానికీ జాగాలున్నాయి. చావుకు లేదు. గది పెంచవచ్చులెమ్మని నేను మనసులోనే ఒక గోడ జరిపేశాను. అదొక్కటే అయితే పెద్ద సమస్య కాదు.

అప్పుడావిడ రెండో ప్రశ్న వేసింది. ఈ ఇల్లు ఎత్తడానికి ఎవరెవరు వస్తారు అని. మా మేనేజరు ఎదురుచూస్తున్నది దానికే. కాంట్రాక్టరు మనుషులు వస్తారనీ, మీరేమీ చేయక్కర్లేదనీ ఎంతో ఇష్టంగా చెప్పాడు. ఆ అమ్మాయి స్పానిష్‌లో చెప్పగానే ఆవిడ, తమాషాకి అన్నాడనుకుని గట్టిగా నవ్వింది. తమాషా కాదని తెలిశాక నవ్వు ఆపేసింది.

ఆ వారమంతా ఆవిడ రోజూ యార్డుకు వచ్చేది. ఒప్పుకోమని మా వాళ్ళు ఒక పక్క నచ్చజెబుతున్నారు. తాళ్ళ మనిషి ఎలా చేరాడో ఆవిడకు చేరువయ్యాడు. "మామ్మా" అని పిలిచి, క్యాంటీన్ నుంచి కోపి, అంటే ఇక్కడి కాఫీ, తెచ్చి చేతికిచ్చేవాడు. ఆవిడా ఆ పిలుపుకు పలికేది. అతను తెలుగులో మాట్లాడితే ఆవిడ తన భాషలో జవాబు చెప్పేది, ఇద్దరూ తలలూపుకునేవారు. నాకు తెలిసి ఆ ప్రాజెక్టులో సరిగా జరిగిన సంప్రదింపులు అవే.

మధ్యాహ్నాలు ఆవిడ నాకు తమ ఇళ్ళ సంగతి చెప్పింది. వాళ్ళ ముత్తవ్వ పుట్టింది యజమాని కట్టించిన కొట్టంలో. ఆ కొట్టం తలుపుకు గడియ బయటివైపు ఉండేదట. విడుదలయ్యాక నది వెంట పైకి వెళ్ళి, అడవిలో కర్ర కొట్టుకుని, ఒకరి ఇల్లు ఒకరు లేపుకున్నారు. అప్పటినుంచీ అదే పద్ధతి. నీ ఇంటికి నేనొచ్చి దూలం మోస్తాను, నా ఇంటికి నువ్వు రావాలి. ఒడ్డు కోసుకుపోతే ఇల్లు పలక పలకగా విప్పి, అందరూ భుజాలకెత్తుకుని, వెనక్కి తెచ్చి మళ్ళీ నిలబెడతారు. ఇది నేను తెలుగులో చెబుతుంటే విన్న మేస్త్రి, "మా కాడ ఊడుపులకి బదులెల్తాం కదా మేడమ్, అలాటిదే" అన్నాడు. అంతకు ముందు వారంలో నాతో అతను మాట్లాడిన మాటలన్నీ కలిపినా అంత ఉండవు.

ఒప్పందం రోజు రానే వచ్చింది. నిధి సంస్థ వాళ్ళు ఇద్దరు ఎక్కడినుంచో దిగారు. ఇల్లు కడిగి, వరండాలో పూలకుండీలు పెట్టారు. పనివాళ్ళకు కొత్త చొక్కాలిచ్చి, మెట్లకు అటూ ఇటూ వరసగా నిలబెట్టారు. మా ముసలావిడ కారు దిగి ఆ వరస అంతా చూసి, తనకు కోపి తెచ్చేవాడు ఏడని అడిగింది. వరసలో ఉన్నవాళ్ళంతా మేస్త్రి వైపు చూశారు. నాకూ అప్పటిదాకా తెలియదు.

చివరికి మేస్త్రే నోరు విప్పాడు. "తెల్లారి లేపితే లేవనేదు మేడమ్. ఒళ్ళు సల్లగైపోనాది. డాక్టరొచ్చి గుండె అన్నాడు."

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను, ఆ అమ్మాయి స్పానిష్‌లో చెప్పింది. ముసలావిడ మేస్త్రి మొహంలోకి చూస్తూ, మరి మీరంతా ఇక్కడెందుకు నిలబడ్డారు అని అడిగింది. ఆ ప్రశ్న మళ్ళీ రెండు భాషలు దాటి అతని దగ్గరికి వచ్చింది. "సంతకం అయ్యేవరకూ నిలబడమన్నారు మామ్మా" అన్నాడు మేస్త్రి. తల ఎత్తలేదు. పక్క మంచం మీద మనిషి పోయి ఇంకా పూట కూడా గడవలేదు, అతని ఒంటిమీద మడత నలగని కొత్త చొక్కా. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

ఆవిడ మెట్లెక్కి లోపలికి పోయి గది మధ్యలో కూర్చుంది. అతన్ని ఇక్కడికి తెమ్మంది. శవం ఆసుపత్రి మార్చురీలో ఉందనీ, అడిగినా ఇవ్వరనీ చెప్పాను. నదిలో పోయినవాళ్ళు దొరకనప్పుడు వాళ్ళ బట్ట ఒకటి పరిచి పాడతామని చెప్పింది. మేస్త్రి వెళ్ళి, జతగాడు యార్డు షెడ్డులో వదిలిన తువ్వాలు తెచ్చి ఆమె ముందు పరిచాడు. ఆవిడ పాట ఎత్తుకుంది. వాయిద్యం లేదు, ఏమీ లేదు, గొంతు ఒక్కటే. ఒక చరణం పాడి ఆగేది. అక్కడ ఊరు అందుకోవాలి. అందుకునేవాళ్ళెవరూ లేక ఆ ఖాళీ అలాగే ఉండిపోయేది. మూడోసారికో నాలుగోసారికో మేస్త్రి లోపలికెళ్ళి కూర్చున్నాడు. తర్వాత మిగతావాళ్ళు. ఆ ఖాళీలో వాళ్ళకు తెలిసిన గోవింద కొట్టారు. గది నిండిపోయింది. చోటు చాలనివాళ్ళు హెల్మెట్లు తీసి కింద నేలమీద నిలబడ్డారు. యార్డులో ఎక్కడో వెల్డింగు చేసేవాళ్ళు కూడా పని ఆపి వచ్చారు.

పాట అయ్యాక ఆవిడ మా మేనేజరును పిలిచి, అతన్ని మోసేదెవరు అని అడిగింది. పాపం, అతను కూడా కళ్ళు తుడుచుకుంటున్నాడు. మనస్ఫూర్తిగానే చెప్పాడు. పెట్టె, కాగితాలు, విమానం, విశాఖపట్నం నుంచి అంబులెన్సు, అన్నీ కంపెనీ చూసుకుంటుంది. "వీళ్ళేమీ చేయక్కర్లేదు" అన్నాడు.

ఆ అమ్మాయి దాన్ని స్పానిష్‌లోకి మార్చబోయి ఒక్క క్షణం ఆగింది. అవే మాటలు వారం కిందట ఇంటి గురించి తన నోటితోనే చెప్పింది. ఇప్పుడు మళ్ళీ అవే చెప్పాల్సి వచ్చింది. విన్న ముసలావిడ నిధి సంస్థ వాళ్ళ వైపు తిరిగింది.

"నా ఇంటి దూలం మోయని భుజం రేపు నన్నెందుకు మోస్తుంది? ఒకరికొకరం బాకీ లేకుండా చేసే ఇల్లు మాకొద్దు."

అంతే. సంతకం కాలేదు. మీరు సినిమాలు బాగా చూస్తారు కాబట్టి, అక్కడున్నవాళ్ళ మనసులు కరిగి అంతా మారిపోయిందనుకుంటారేమో. కరిగిన మాట నిజమే. నిధి సంస్థలో ఒకావిడ నా భుజం పట్టుకుని ఏడ్చింది. తర్వాత ఆ పాట ఫొటోలు వాళ్ళ నివేదికలో వచ్చాయి, స్థానిక సంస్కృతిని గౌరవించామని కింద ఒక మాట రాసి. అనుమతి లేకుండా పని ఆపించాడని మేస్త్రి పర్మిట్‌ను యార్డు కాంట్రాక్టరు రద్దు చేయించాడు. అతను జతగాడి పెట్టె వెంటే వెళ్తానని అడిగితే అది సామాన్ల విమానం, మనుషులకు చోటుండదని చెప్పారు. వారం తర్వాత ఇంకో విమానంలో పంపేశారు. అతని కోసం నేను ఆ కాంట్రాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నట్టు చూశాడు.

ముసలావిడ ప్రయాణానికి ఇంకా రెండు రోజులుంది. నేనూ ఆవిడా నా టేబుల్ దగ్గర కూర్చున్నాం. అసలు కావాల్సిన ఇంటిని గీశాం. నలుగురు మోయగలిగే దూలాలు, ఊళ్ళో దొరికే కర్ర, ఎవరైనా విప్పి మళ్ళీ బిగించుకోగల అతుకులు, ఊరు పట్టే పెద్ద గది. నా ఉద్యోగంలో అంత సంతోషంగా నేనెప్పుడూ గీయలేదు. సగం ధరకు అయిపోతుంది కూడా. నిధి సంస్థ మర్యాదగానే తిప్పి పంపింది. అలవాటు లేని చేతులు కట్టిన ఇంటికి ఏ బీమా కంపెనీ పూచీ పడదు, పూచీ లేని ఇంటికి తాము డబ్బివ్వలేము అని. వాళ్ళ నిబంధనల ప్రకారం అదీ నిజమే. తరతరాలుగా ఇళ్ళు కడుతున్న చేతులకు అలవాటు లేదన్నారని ఆవిడకు చెప్పలేక, కుదర్లేదని మాత్రం చెప్పాను.

చాంగి విమానాశ్రయంలో వీడ్కోలు చెప్పేటప్పుడు నాకు కోపం వచ్చింది. ఆవిడ మీదే. వానాకాలం దగ్గర పడుతోంది. మా ఇల్లు ఎలాంటిదైనా ఇల్లు. గది చిన్నదైతే తర్వాత వరండా మూసుకోవచ్చు, గ్యారంటీ పోతే పోతుంది. ముందు ప్రాణాలు దక్కాలి కదా అని, ఆ అమ్మాయి అనువదించలేనంత వేగంగా అనేశాను. ఊళ్ళో మోసే వయసు వాళ్ళు ఎంతమంది మిగిలారని అడిగాను. చాలరని ఆవిడే ఒప్పుకుంది. మరి ఎలాగ అంటే, పసిపిల్లలున్న ఇళ్ళు ముందు జరుపుతామని, తనది ఆఖర్న అని చెప్పింది. పెళ్ళి భోజనాల్లో ఎవరి విస్తరి ఎప్పుడు వేయాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

నిధులు ఇంకో దేశానికి వెళ్ళిపోయాయి. నేను రిటైరై సెంబవాంగ్‌లో మా ఫ్లాటుకు పరిమితమయ్యాను. మరుసటి ఏడాది ఆ స్పానిష్ అమ్మాయి ఫోన్ చేసింది. ఊరివాళ్ళతో ఆమె మాట్లాడుతూనే ఉందట. నది ఆ ఏడు ముందే పొంగింది. చేతులు చాలలేదు. అయినా పిల్లలున్న ఇళ్ళన్నీ మెట్ట ఎక్కాయి. ముసలావిడ ఇల్లు విప్పారు గానీ, మళ్ళీ లేపడానికి ఎవరిలోనూ సత్తువ మిగల్లేదు. పలకల దొంతర పక్కన టార్పాలిన్ కింద వానాకాలమంతా ఉంది. ఛాతీలో నెమ్ము చేరింది. ఆసుపత్రికి ఒక పూట పడవ ప్రయాణం. ఆ పలకల్లోంచే ఆమెకు పెట్టె చేశారట. మోయడానికి పట్నాల నుంచి కూడా వచ్చారట. భుజాలు ఎక్కువై, పది అడుగులకొకసారి మార్చుకుంటూ మోశారని ఆ అమ్మాయి చెబుతూ ఏడ్చింది.

నేను ఏడవలేదు. ఫోన్ పెట్టేసి పాత ఫైలు తీసి మా నమూనా ఇంటి లెక్కలు మళ్ళీ వేశాను. మెట్ట ఎత్తు, నది మట్టం, గాలి, పైకప్పు, అన్నీ. మా ఇంట్లో ఉండి ఉంటే తడిసేది కాదు. ఆ వానాకాలం దాటేది, ఇంకో నాలుగైదు వానాకాలాలూ దాటేది. ఎక్కడైనా తప్పు దొరికితే బాగుండునని పొద్దున్నించి సాయంత్రం దాకా వెతికాను. లెక్కలో తప్పు లేదు.